పల్సు లెక్క మనకూ తెలియాలి

మన హాస్టల్ వరండాలోని కరెంటు మీటరు ముందు ఒక్క నిమిషం నిలబడి చూడండి తమ్ముళ్లూ. అందులో చిన్న ఎర్రలైటు ఆరుతూ వెలుగుతూ ఉంటుంది. ఒక యూనిట్‌కు అది ఎన్నిసార్లు వెలగాలో మీటరు ముఖం మీదే రాసి ఉంటుంది. 3200 అని ఉంటే, 3200 సార్లు వెలిగినప్పుడు ఒక యూనిట్ ఖర్చయినట్టు. వంద వాట్ల బల్బు ఒక్కటే వేసి ఉంచితే దాదాపు 11 సెకన్లకు ఒకసారి వెలుగుతుంది. ఆ ఒక్క మెరుపే ఒక పల్సు.

నేడు పరిశ్రమల్లో నీళ్లు, కరెంటు, గ్యాసు, బెల్టు మీద కదిలే సీసాలు ఇలా పల్సులుగానే లెక్కకు వస్తున్నాయి. నీటి మీటరునే తీసుకుందాం. లోపల తిరిగే భాగానికి చిన్న అయస్కాంతం ఉంటుంది. అది ఒక చుట్టు తిరిగినప్పుడల్లా పక్కనున్న రీడ్ స్విచ్ ఒకసారి మూసుకుని తెరుచుకుంటుంది. దానికి వైరుతో కలిపిన డేటా లాగర్ అనే పెట్టె ఏ సమయంలో ఎన్ని పల్సులు వచ్చాయో దాచుకుని, సిమ్ కార్డు ద్వారా దూరంగా ఉన్న కంప్యూటరుకు పంపుతుంది.

నెలకోసారి మీటరు చూసి పుస్తకంలో రాసుకుంటే నెల మొత్తమే తెలుస్తుంది. లాగరుతో ప్రతి పావుగంటా తెలుస్తుంది. పల్సుకు 10 లీటర్లు అనుకోండి. రాత్రి షిఫ్టు లేని ఫ్యాక్టరీలో నిమిషానికి రెండు పల్సులు వస్తున్నాయంటే గంటకు 1200 లీటర్లు ఎక్కడో కారిపోతున్నట్టే. ఆరు గంటల్లో 7200 లీటర్లు. ట్యాంకరు కోసం బిందెలు వరుస పెట్టిన ఇళ్ల నుంచి వచ్చిన మనకు ఆ అంకె ఎంతో వేరే చెప్పాలా!

కాబట్టి ఈ పెట్టెకు మేము వ్యతిరేకం కాదు. కానీ "మిషన్ అబద్ధం చెప్పదు" అనే మాటను మాత్రం ఒప్పుకోలేము. పల్సుకు ఎన్ని లీటర్లో లాగరులో ఎక్కించేది మనిషే. 100 అని కొట్టాల్సిన చోట 10 కొడితే వాడిన నీళ్లలో పదింట తొమ్మిది వంతులు లెక్కలోంచి మాయమవుతాయి. మామూలు రెండు వైర్ల కనెక్షన్‌లో పంపు ఆగినా సున్నాయే, వైరు తెగినా సున్నాయే. స్విచ్ మూసుకునేటప్పుడు వణికితే ఒక్క పల్సు రెండుగా పడుతుంది. దాన్ని ఆపడానికి కొన్ని మిల్లీసెకన్ల గడువు పెడతారు. ఆ గడువు మరీ ఎక్కువైతే నిజమైన పల్సులూ పోతాయి. బలమైన అయస్కాంతం పక్కన పెడితే రీడ్ స్విచ్ అతుక్కుపోయి లెక్కే ఆగిపోవచ్చు. ఇక మీటరు కంటే ముందే పైపుకు ఇంకో దారి కలిపితే ఆ నీళ్లు మీటరు మొహమే చూడవు.

మా అమ్మల్లో కొందరు బీడీలు చుట్టారు. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి. బాగాలేవని పక్కన పడేసినవి కూలిలోకి రావు. చుట్టిన చెయ్యి ఒకరిది, ఏరి పడేసే చెయ్యి ఇంకొకరిది. ఫ్యాక్టరీలో బెల్టు పక్కన బిగించిన సెన్సారును చూస్తే మాకు అదే గుర్తొస్తుంది. పది నిమిషాలు సీసాలు రాకపోతే లైను ఆగిందని అది నమోదు చేస్తుంది. మోటారు చెడిపోయిందా, సరుకు అందలేదా, మనిషి మంచినీళ్లకు వెళ్లాడా అన్నది పల్సుకు తెలియదు. కారణం రాసేది సూపర్‌వైజరు. ఆ కాగితాన్ని షిఫ్టు దిగేలోపు కార్మికుడికి చూపించాలనీ, అతను చెప్పే కారణాన్నీ అందులో చేర్చాలనీ మా అభిప్రాయం. జీతంలో కోత పడ్డాక చూపిస్తే ఏం లాభం?

నీటి సంగతీ అంతే. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2014 ఫిబ్రవరి 5న, ఎక్కువ కాలుష్యం కలిగించే 17 రకాల పరిశ్రమల్లో ఆన్‌లైన్ పరికరాలు పెట్టించాలని రాష్ట్ర మండళ్లను ఆదేశించింది. కేంద్ర భూగర్భ జల అథారిటీ మార్గదర్శకాలు 2020 సెప్టెంబరులో వచ్చాయి. బోరు నీళ్లు తోడే పరిశ్రమలు టెలిమెట్రీ ఉన్న డిజిటల్ మీటర్లు పెట్టాలని వాటిలో ఉంది. సంతోషమే. అయితే ఫ్యాక్టరీ నుంచి సర్వరుకు, సర్వరు నుంచి ఆఫీసుకు అంకెలు పోతే సరిపోతుందా? పక్కనే బోర్లు ఎండిపోతున్న ఊరికి తెలియవద్దా?

ఇది వ్యాపార రహస్యం అని కొందరంటారు. ఎన్ని సీసాలు చేశారో దాచుకోండి, మాకు అభ్యంతరం లేదు. నేల కింది నీళ్లు మాత్రం ఏ కంపెనీ సొంతమూ కాదు. ప్రమాదకర వ్యర్థాల కేసులో సుప్రీంకోర్టు 2003 అక్టోబరు 14న, ఫ్యాక్టరీ మెయిన్ గేటు బయట కాలుష్య వివరాలను బోర్డు మీద పెట్టాలని చెప్పింది. తోడిన లీటర్లను అదే బోర్డు మీద రాయించడం కష్టమేమీ కాదు. 2005 నాటి ఉపాధి హామీ చట్టం వచ్చాక మన పల్లెల్లో కూలీల మస్టర్లను సామాజిక తనిఖీలో అందరి ముందు చదివారు. కూలివాడి లెక్కను ఊరి ముందు చదవగా లేనిది, కంపెనీ బోరు లెక్కను చదవడానికి ఏమిటి అడ్డు?

అయితే చదివితే అర్థం చేసుకునేవాళ్లు కావాలి. ఇన్‌స్ట్రుమెంటేషన్ డిప్లొమా అన్నా, ఐటీఐలో ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్ అన్నా మన తమ్ముళ్లకు చిన్నచూపు. గ్రూప్స్ రాయాలి, లేదా సాఫ్ట్‌వేర్‌లో చేరాలి. రాయండి, చేరండి. కానీ మీటరు బిగించేవాడు, పల్సు విలువ ఎక్కించేవాడు మనలోంచి కూడా రావాలని మేము గట్టిగా కోరుతున్నాము. ఆ పనిలో చేరినవాళ్లు మొదటిరోజు మీటరు మీది రీడింగు, లాగరులోని అంకె రెండూ రాసుకోండి. గంట తర్వాత మళ్లీ రాసుకోండి. రెంటిలో పెరుగుదల ఒకటి కాకపోతే, ఆ తేడాను రిపోర్టులో ఎక్కించిన తర్వాతే సంతకం పెట్టండి.