చంకలో బిడ్డ, చేతిలో గునపం

మా యౌవనస్థుల కూడికలో ఈమధ్య ఒక తమ్ముడు ఫోన్‌లో వీడియో చూపించాడు. అమెరికాలో ఒక తండ్రి రెండేళ్ల పాపను వీపున కట్టుకుని జింకల వేటకు వెళ్తున్నాడు. తుపాకీ మోత వినపడకుండా పాప చెవులకు పెద్ద మూతలు, ఒంటి మీద నారింజ రంగు చొక్కా. "చూశారా పాస్టర్ గారూ, జాగ్రత్తలు తీసుకుంటే పసిపిల్లలనైనా వేటకు తీసుకెళ్లవచ్చు" అన్నాడు. నలుగురు తలూపారు.

మేము ఒప్పుకోలేదు. అక్కడ లైసెన్సు ఉంది, వేటకు కాలం ఉంది. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక సరదా వేట నేరం. అయినా అడవిపంది కోసం రాత్రిపూట నాటు తుపాకీ, కరెంటు తీగ, నాటు బాంబు పట్టుకుని వెళ్లేవాళ్లు మన సంఘాల్లోనూ ఉన్నారు. కూర ఇంటికొస్తే ఎక్కడిదని మనం అడగం. కరెంటు తీగకు పందికీ పిల్లవాడికీ తేడా తెలియదు. 2020 జూన్‌లో తిరుచ్చి జిల్లాలో ఆరేళ్ల బాబు, చేపల కోసం తెచ్చి ఇంట్లో మిగిల్చిన నాటు బాంబును తినుబండారం అనుకుని కొరికి చనిపోయాడు. వాడు వేటకు వెళ్లనేలేదు. ఈ వేటలో పిల్లలకు జాగ్రత్తలంటూ ఏమీ లేవు. దాని గురించి ఇంతే.

మమ్మల్ని నిద్రపోనివ్వనిది ఇంకో వేట.

పొన్నేరి, గుమ్మిడిపూండి వైపు వరి కోతలయ్యాక పొలాల్లోకి వెళ్లి చూడండి. ఇరుళ కుటుంబాలు గట్ల వెంట ఎలుకల కలుగులు తవ్వుతుంటాయి. రైతే పిలుస్తాడు, పట్టిన ఎలుకల లెక్కన డబ్బులిస్తాడు. కలుగులో ఎలుకలు దాచుకున్న వరి కంకులు దొరికితే ఆ రోజుకి గింజలు కూడా దక్కుతాయి. తండ్రి గునపంతో తవ్వుతాడు, తల్లి కుండలో గడ్డి రాజేసి పొగ లోపలికి ఊదుతుంది. ఆమె చంకలో ఏడాది బిడ్డ ఉంటుంది, పక్కనే మూడేళ్లవాడు కలుగులో చెయ్యి పెడుతుంటాడు. ఎలుక ఉన్న చోటికి నాగుపాము వస్తుంది, రక్తపింజరి వస్తుంది. 1978లో వడనెమ్మేలిలో ఈ ఇరుళవాళ్లే పాములు పట్టేవారి సహకార సంఘం పెట్టుకున్నారు. దేశమంతటికీ విషం విరుగుడు మందు తయారవడానికి విషం తీసి ఇస్తున్నది వాళ్లు. 2023లో వాళ్లలో ఇద్దరికి, మాసి సడయన్‌కూ వడివేల్ గోపాల్‌కూ, పద్మశ్రీ ఇచ్చారు. వాళ్ల జాతి బిడ్డ మాత్రం ఇంకా కలుగు పక్కనే కూర్చుని ఉన్నాడు.

ఒక చెల్లి "1098కి ఫోన్ చేద్దామా?" అని అడిగింది. మంచి మనసుతోనే అడిగింది. కానీ చేసి ఏమని చెబుతాం? తల్లి బిడ్డను వదిలిపెట్టకుండా వెంట తీసుకెళ్తోందనా? మూడేళ్లలోపు బిడ్డకు బాలవాడిలో పిండి ప్యాకెట్ ఇస్తారు, బిడ్డను పగలంతా చూసుకునే చోటు చాలా ఊళ్లలో లేదు. పొలం పని బాలవాడి వేళ చూసి ఆగదు.

ఏశావు వేటగాడు. నాలుగు వందల మందిని వెంటబెట్టుకుని వచ్చి, కలిసి ప్రయాణం చేద్దాం రమ్మన్నాడు. యాకోబు ఏమన్నాడో ఆదికాండము 33లో చదవండి. పిల్లలు పసివాళ్లు, వాళ్లు నడవగలిగినంత మెల్లగా వస్తాను, నువ్వు ముందు వెళ్లు అన్నాడు. ఆ మాట అనడానికి యాకోబుకు మందలున్నాయి, తీరిక ఉంది. రోజు కూలి మీద బతికే ఇరుళ తల్లికి ఆ తీరిక ఎవరిచ్చారు?

ఈలోగా చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. బిడ్డను చూసుకోవడానికే ఒక అవ్వ దూరంగా గట్టు మీద, నీడలో, పొగ తగలని చోట ఉండాలి. ఆమెకు వేరే పని పెట్టకూడదు. కలుగులో పిల్లల చెయ్యి పడకూడదు. పాము కరిస్తే కోయడం, గట్టిగా కట్టడం వద్దు, కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఎత్తుకుని ఆసుపత్రికి పరుగెత్తాలి. విరుగుడు మందు ఏ ఆసుపత్రిలో ఉందో కోతలకు ముందే కనుక్కోవాలి. పసిబిడ్డకైనా మందు పెద్దవాళ్లకిచ్చినంతే ఇవ్వాలి, ఎందుకంటే పాము బిడ్డని తక్కువ విషం ఎక్కించదు. చిన్నపిల్లలు కదా అని తగ్గించబోతే డాక్టరును అడగండి.

ఇవన్నీ చెప్పాక కూడా బిడ్డ పొలంలోనే ఉన్నాడు. మన మందిరం మాత్రం వారానికి ఆరు రోజులు తాళం వేసి ఉంటుంది. ఫ్యాన్లున్నాయి, నీళ్లున్నాయి, చాపలున్నాయి. ఒక సంఘంలో ఈ మాట ఎత్తితే పెద్దలు చాపలు మురికవుతాయన్నారు. ఇంకొకరు, దేవుని మందిరాన్ని ఎవరికి పడితే వాళ్లకు ఇవ్వలేమన్నారు. కులం పేరు ఎవరూ ఎత్తలేదు, ఎత్తాల్సిన అవసరం రాలేదు. చిన్నబిడ్డలను తన దగ్గరకు రానివ్వమన్న ప్రభువు చాపల సంగతి అడిగినట్టు మేమెక్కడా చదవలేదు.

యౌవనస్థులారా, కోతలు సంక్రాంతికి మొదలవుతాయి. ఉదయం ఆరు నుంచి మధ్యాహ్నం మూడు వరకు, రోజుకు ఇద్దరు అక్కలు, ఒక అవ్వ, ఒక పూట గంజి చాలు. అవ్వను ఇరుళ వీధి నుంచే పిలవండి, ఆమెకు కూలి కట్టివ్వండి. మీ మందిరం తాళంచెవి ఎవరి దగ్గరుందో ఈ ఆదివారమే కనుక్కోండి.