కూలీ కాలమ్‌లో సున్నా

పోయిన వేసవిలో ఓ శనివారం పొద్దున్నే మా అల్లుడుగారు ఒక గ్యాలను స్టెయిన్ డబ్బా, రెండు బ్రష్షులు తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టారు. "వంద డాలర్లలో అయిపోతుంది మావయ్యగారూ, రేపు సాయంత్రానికి డెక్కు మెరిసిపోవాలి" అన్నారు. అంతకు వారం ముందు ఓ కాంట్రాక్టరు వచ్చి చూసి 1,600 డాలర్లు అడిగాడు. చెక్కకు రంగు పూయడానికి అంత దోపిడీయా అని ఇంటిల్లిపాదీ అనుకున్నాం. నేనూ అన్నాను.

ముప్పై రెండేళ్లు రోడ్లు, భవనాల శాఖలో ఎస్టిమేట్లు రాసినవాణ్ణి నేనే అలా అనడం తప్పు. ఆ తప్పు గురించే ఈ వ్యాసం.

ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్‌లో మా అమ్మాయి వాళ్ల ఇల్లు. వెనక తలుపు తీస్తే చెక్క అరుగు, అదే డెక్కు. చెద, కుళ్లు పట్టకుండా మందెక్కించిన పైన్ చెక్క. మందున్నా ఎండకు, మంచుకు బూడిద రంగుకు తిరిగింది. స్టెయిన్ మన ఎనామిల్ పెయింటులా పైన పొర కట్టదు, చెక్కలోకి ఇంకుతుంది. అందుకే చెక్క శుభ్రంగా, పొడిగా ఉంటే తప్ప డబ్బా మూత తీయకూడదు.

టేపు పట్టుకుని దిగాను. నేల 16 అడుగులు, 14 అడుగులు: 224 చదరపు అడుగులు. డబ్బా మీద గ్యాలనుకు 250 అని ఉంది కాబట్టి ఒకటి చాలనుకున్నారు అల్లుడుగారు. మరి రెయిలింగు? మూడు వైపులా కలిపి 40 అడుగుల పొడవు, మూడడుగుల ఎత్తు. "మధ్యలో అన్నీ సందులేగా" అన్నారు. మా శాఖలో గ్రిల్లు గేటుకు రంగు కొలిస్తే సందుల్ని తీసేయం, ఎందుకో ఆయనకు చూపించాను. ఒక్కో నిలువు కమ్మీకి నాలుగు ముఖాలు. చిన్నపిల్లల తల దూరకుండా సందు నాలుగంగుళాల లోపే ఉంచాలి కనుక కమ్మీలు దగ్గర దగ్గరగా ఉంటాయి. అన్నీ విప్పి పరిస్తే దాదాపు 200 చదరపు అడుగులు, అంటే ఇంచుమించు ఇంకో నేల. మెట్లకు మరో 30. పైగా పాత చెక్క దాహం ఎక్కువ, గ్యాలనుకు ఇంచుమించు 150 వస్తుందంతే. మూడు గ్యాలన్లు రాశాను.

ఆ తర్వాత రోజుల లెక్క. ఆ శనివారం కడిగాం. ప్రెషర్ వాషర్ అద్దెకు తెచ్చుకున్న ఉత్సాహంలో అల్లుడుగారు గొట్టం మరీ దగ్గరగా పెట్టేసరికి ఒక పలక పీచులు లేచి కొబ్బరి డొక్కలా తయారైంది. కడిగాక కనీసం రెండు పొడి రోజులు ఆగాలి. సోమవారం వాన. బుధవారం ఇంకో వాన. నాలుగు నీటి చుక్కలు వేసి చూస్తే ముత్యాల్లా నిలిచాయి, ఇంకలేదు. అలా వారమంతా డబ్బాలు గట్టు మీదే ఉన్నాయి, మా ఆవిడ వాటి పక్కనే కూరలు తరిగింది. మళ్లీ శనివారానికి చుక్క పడగానే ఇంకింది.

ఈలోగా పైకి లేచిన మేకులు పీకి స్క్రూలు బిగించాం, పీచు లేచిన చోట గరుకు కాగితం పట్టాం. ఆ డెక్కు 2011లో కట్టింది కాబట్టి ధైర్యంగా గీకాం. 2003 చివరిదాకా అమెరికాలో ఇళ్లకు వాడే చెక్కకు ఆర్సెనిక్ కలిసిన మందు ఎక్కించేవారు. అంత పాత డెక్కయితే గీకి ఆ దుమ్ము పీల్చకూడదు.

బొట్లు నేల మీద పడతాయి కనుక ముందు రెయిలింగు, తర్వాత నేల. ఎండ పడే వైపు చెక్క కాలిపోతుంటే స్టెయిన్ ఇంకకముందే ఆరి అతుకులు కనిపిస్తాయి. అందుకని నీడ వెంట తిరిగాం. నూనె కలిసిన ఈ స్టెయిన్ తుడిచిన గుడ్డల్ని ముద్ద చేసి మూల పడేయబోతుంటే అమ్మాయి కేకేసింది. అవి వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయట. నిజమే, విడివిడిగా పరిచి బయట ఆరబెట్టాలి. ముప్పై రెండేళ్ల అనుభవానికి ఆ సంగతి తట్టలేదు.

చివరికి మా శాఖలో కొలతల పుస్తకం, అదే ఎం-బుక్, రాసినట్టు రాశాను. స్టెయిన్ 144, కడిగే మందులు 38, వాషరు అద్దె 55, బ్రష్షులు, రోలరు 30, స్క్రూలు 12, కింద పరిచే పట్టా, టేపు 15. పన్నుతో 316 డాలర్లు. అల్లుడుగారు ఊరటగా "చూశారా, 1,600కీ దీనికీ ఎంత తేడానో" అన్నారు. కింద ఇంకో వరుస రాశాను: ఇద్దరం కలిసి 30 గంటలు, అందులో 11 ఒక్క రెయిలింగుకే. గంటకు 20 డాలర్లు వేసినా 600. మొత్తం 916.

అప్పటికీ ఆదానే, కాదనను. కానీ వంద డాలర్ల పనీ కాదు, ఆ కాంట్రాక్టరు దొంగా కాదు. మనం చేసుకుంటే ఖర్చేముంది అంటాం. కూలీ కాలమ్‌లో సున్నా వేసుకున్నాం కాబట్టే ఆ మాట వస్తుంది. ఆ సున్నా వేసినవాడు రెండో రోజు మధ్యాహ్నానికి నడుం పట్టుకుని, కడగాల్సింది సగం కడిగి, ఆరాల్సింది ఆరకుండా పూసేస్తాడు. నాకు తెలుసు. కాకినాడలో మా ఇంటి వీధి తలుపులకు పాత రంగు గీకడానికి పెయింటరు రెండు రోజుల కూలీ అడిగితే నేను ఒక రోజుకు కోశాను. ఉప్పుగాలికి ఏడాది తిరక్కుండా పెచ్చులూడాయి. తిట్లు మాత్రం పెయింటరే తిన్నాడు.

ఇంకోటి. ఈ స్టెయిను నేల మీద రెండు మూడేళ్లకు మించి నిలవదు. కాబట్టి 916ను మూడుతో భాగించి ఏటా పక్కన పెట్టమన్నాను. వంతెన కట్టేందుకు నిధులొచ్చి, దాని రెయిలింగుకు రంగు వేయడానికి పద్దు లేని శాఖలో పనిచేశాను. ఆ చాదస్తం నన్ను వదలదు.

మిగిలిన పావు గ్యాలను డబ్బా మూత మీద రంగు పేరు, తేదీ, మూడు గ్యాలన్లు అని మార్కరుతో రాయించాను. రెయిలింగుకు పదకొండు గంటలని కూడా రాయమన్నాను. అది మాత్రం అల్లుడుగారు రాయలేదు.