ఉల్లిగడ్డలు కోసుడే శిక్షణా?

హైదరాబాద్‌లో ఓ పెద్ద హోటల్ వంటశాలలో అప్రెంటిస్‌గా చేరిన పిల్లగాణ్ని ఏడాది చివర్లో కలిశాం. ఏం నేర్చుకున్నవు తమ్మీ అని అడిగితే రెండు చేతులు చాపి చూపించాడు. వేళ్ల నిండా కత్తిగాట్లు. "ఉల్లిగడ్డలు కోసిన, అల్లం పొట్టు తీసిన, ఫ్రిజ్‌లు కడిగిన" అన్నాడు. తందూర్ దగ్గర నిలబడింది నాలుగే రోజులు. అదీ అక్కడి మనిషి సెలవు పెడితే! లాగ్‌బుక్‌లో మాత్రం అన్ని విభాగాలూ నేర్చినట్టే ఉన్నది. ఏడాది సంతకాలన్నీ ఒకే పెన్నుతో, ఒకే ఊపులో పడ్డాయి.

దీన్ని శిక్షణ అందామా? స్టైపెండ్ పేరు పెట్టిన వెట్టి అందామా?

1961 అప్రెంటిస్ చట్టం ప్రకారం అప్రెంటిస్ శిక్షణార్థి, కార్మికుడు కాడు. యాజమాన్యాలకు ఈ ఒక్క ముక్క కంఠస్థం. జీతం అడిగితే శిక్షణార్థివి అంటారు. రాత్రి పెండ్లి విందు పడితే వాడే కార్మికుడు, పదకొండు దాటినా ఇంటికి పోనియ్యరు. అడ్వైజర్ అనుమతి లేకుండా ఓవర్‌టైమ్ చేయించొద్దని అదే చట్టం చెప్పింది. ఆ అనుమతి కూడా శిక్షణకో ప్రజాప్రయోజనానికో అయితేనే ఇవ్వాలన్నది. ఎవరింటి పెండ్లి విందో ప్రజాప్రయోజనమా? ఇక శిక్షణతో సంబంధం లేని పని చేయిస్తే, 2014 సవరణ రాసిన జరిమానా ఒక్కో తప్పుకు వెయ్యి రూపాయలు. ఆ హోటల్లో ఒక మనిషి బఫే భోజనానికి చాలని సొమ్ము! అంతకు ముందు చట్టంలో ఉన్న ఆరు నెలల దాకా జైలు అన్న మాటను ఎత్తేసిందీ ఆ సవరణే.

ఉల్లిగడ్డలు కోయకుండా వంటవాడవుతాడా అని పెద్ద షెఫ్‌లు ఎదురడుగుతారు. కాడు. పెండ్లిళ్లకు దేగులెక్కించే పాతబస్తీ ఉస్తాద్‌ల దగ్గర కూడా పిల్లలు మొదట గిన్నెలే తోముతారు. కానీ ఉస్తాద్ వాణ్ని పక్కన నిలబెట్టుకుంటాడు. ఉడికే బియ్యపు గింజ తీసి వేళ్ల మధ్య నలిపిస్తాడు. ఇప్పుడు వార్చాలా, ఇంకో నిమిషం ఆగాలా అని వాణ్నే అడుగుతాడు. కచ్చి బిర్యానీలో అడుగున ఉండేది పచ్చి మాంసం, పైన అన్నం ఎంత పలుకు మీద పడాలో తెలియకపోతే దేగంతా పాడు. (ఉస్తాద్‌ల తిట్లు, కూలి ఎగవేతలు మాకు తెలియనివి కావు.) ఇంత విద్య ఉన్నా సర్టిఫికెట్ లేదని ఆయన్ను గురువుగా కూర్చోబెట్టరు.

మధ్యాహ్నం భోజనాలు ముగిసి రాత్రి వంట మొదలయ్యే లోపు కొంత తీరిక దొరుకుతుంది. ఇప్పుడు ఆ వేళ ఫ్రిజ్‌లు కడిగిస్తున్నారు. అందులో ఒక గంట, నేర్పడమే పనిగా ఒక వంటమనిషికి డ్యూటీ చార్టులోనే రాసి ఇవ్వండి. ఏ నెల తందూర్, ఏ నెల బేకరీ, ఏ నెల కూరలో ఒప్పందం నాడే కాగితం మీద పెట్టి పిల్లగాడి చేతిలో పెట్టండి. సంతకం ఏ రోజుది ఆ రోజే పడాలి. దీనికి కోట్లేమీ అక్కర్లేదు.

నేర్పితే పక్క హోటల్‌కు పోతారట. పోనియ్యండి! పక్క హోటల్‌లో నేర్చినవాడు మీ దగ్గరికి రాడా?

శిక్షణ రికార్డు ఉంచడం యజమాని బాధ్యత అని చట్టంలోనే ఉన్నది. అప్రెంటిస్‌షిప్ అధికారులు ఆఫీసులో కూర్చుని రిటర్నులు చూస్తే సరిపోదు. రాత్రి ఎనిమిదింటికి వెనక దర్వాజ నుంచి వంటశాలలోకి పోండి. ఆ లాగ్‌బుక్ తెరవండి. నేర్చినట్టు రాసిన వాటిలో ఒక్క కూర పిల్లగాడితో మీ కళ్ల ముందే వండించండి.