ప్లస్ వన్ ఎగ్గొట్టింది మేమే

ఇంజినీరింగ్‌లో చేరిన పిల్లలకు కాలిక్యులస్ మొదలుపెట్టే ముందు రెండు మూడు వారాలు బ్రిడ్జి కోర్సు పెడుతున్నారు. లెక్కల పంతులుగా రిటైరయ్యాక హోసూరు, కృష్ణగిరి వైపు అలాంటి క్లాసులు నేనూ చెప్పాను. ఒకరోజు "సైన్ ఆఫ్ ఎ ప్లస్ బి ఎంత?" అని అడిగితే, ముందు బెంచీ అమ్మాయి "సైన్ ఎ ప్లస్ సైన్ బి, సార్" అంది. తప్పే అయినా ఎవరూ నవ్వలేదు. చాలామంది అదే రాసుకున్నారు. ఆ పిల్లకు ప్లస్ టూ (పన్నెండో తరగతి) లెక్కల్లో తొంభై శాతం పైనే.

ఆ తొంభై ఎలా వస్తుందో నాకు తెలుసు. తెప్పించినవాణ్ణే కదా.

తమిళనాట 2007లో ఇంజినీరింగ్ ఎంట్రన్స్ ఎత్తేశాక సీటంతా ప్లస్ టూ మార్కుల మీదే. 200 కటాఫ్‌లో 100 లెక్కలవే. దాని ముందున్న ప్లస్ వన్‌కు అప్పట్లో పబ్లిక్ పరీక్ష లేదు. ఇంకేం, ప్లస్ వన్ పుస్తకాన్ని అటకెక్కించి ప్లస్ టూ పాఠాలే రెండేళ్లు రుబ్బించాం. యాజమాన్యం చెప్పింది, మేం తలూపాం, తల్లిదండ్రులు మెచ్చుకున్నారు. 2017-18లో ప్రభుత్వం ప్లస్ వన్‌కూ పబ్లిక్ పెట్టాకే పుస్తకం కిందికి దిగింది. 2025-26 నుంచి ఆ పరీక్ష మళ్లీ తీసేశారు. అటక అక్కడే ఉంది.

మేం ఎగ్గొట్టింది ఏమిటి? ప్రమేయాలు, 90 డిగ్రీలు దాటిన త్రికోణమితి, సరళరేఖలు. సైన్ అవకలజం రాబట్టాలంటే మొదటి అడుగే సైన్ ఆఫ్ ఎక్స్ ప్లస్ హెచ్. దాన్ని ఆ పిల్ల చెప్పినట్టు విడదీస్తే ఎక్స్ కొట్టుకుపోయి ఎక్కడైనా జవాబు ఒకటే, 1. అలలా లేచిపడే గీత కాస్తా తిన్నటి గీత అయి కూర్చుంటుంది! పైగా అవధులు, అవకలనం కూడా ప్లస్ వన్‌లోనే మొదలవుతాయి. వాటితో ఏం చేయాలన్నది ప్లస్ టూ పాఠం. అంటే అసలు సంగతి దాటేసి, వాడకం బట్టీ పట్టించామన్నమాట.

తమిళనాట మా తెలుగు మీడియం పిల్లల గతి మరీ అన్యాయం. పదో తరగతిలో 'ప్రమేయం' చదివినవాడు తమిళ మీడియం ప్లస్ వన్‌లో చేరితే అది 'సార్బు', కాలేజీకి వెళ్తే 'ఫంక్షన్'. మూడూ ఒకటేనని చెప్పే నాథుడు లేడు. 2006లో బళ్లలో తమిళం తప్పనిసరి చేసే చట్టం వచ్చాక తెలుగు కోసం అర్జీలు పెట్టాం, సభలు జరిపాం. న్యాయమైన పోరాటమే, కాదనను. కానీ ఆ మూడు మాటల్నీ పక్కపక్కన రాసిన ఒక్క కాగితం, ఇంతమంది లెక్కల పంతుళ్లం, పిల్లల చేతిలో పెట్టలేదు. దానికి ఏ చట్టమూ అడ్డురాలేదు.

బ్రిడ్జి కోర్సుకు నాకు గంటకింత అని ఇచ్చారు. ప్లస్ వన్ చెప్పని ఏళ్లకూ నెలనెలా జీతం తీసుకున్నాను.