మాటతో వైద్యము: ఉద్దానమున బ్రతుకుతెరువు

మందు లేక మాటతోనే మనోవ్యథను మాన్పు వృత్తిని స్వతంత్రముగా సాగింపదలచిన యువకునకు పలాసలో బ్రతుకుతెరువు కలదా? అవసరము లేదనువారెవ్వరు? ఉద్దానపు పల్లెలలో దశాబ్దములుగా మూత్రపిండముల వ్యాధి. కారణము నేటికిని కచ్చితముగా తేలలేదు. కారణము తెలియని రోగము, తరువాతి వంతు ఎవరిదో యను భయమును ఇంటింట నాటును. దానికి తోడు 2018 అక్టోబరులో తిత్లీ తుపాను జీడితోటలను, కొబ్బరిచెట్లను కూల్చివేసినది. కొబ్బరి మరల నాటి కాపు చూచుట యేండ్ల మాట.

అయినను అవసరము వేరు, గిరాకి వేరు. ఈ చికిత్స వారము వారము సాగవలెను. జీడిపప్పు కార్ఖానాలో పనిచేయునామె ఒక పూట కూలి వదలుకొని, పైగా రుసుము చెల్లించి, మాటలకై వచ్చునా? వారమునకు రెండు మూడు మారులు భర్తను డయాలిసిస్‌కు తీసికొనిపోవు ఇల్లాలి సంగతి చెప్పనేల! అందుచేత చదువుకొన్నవాడు విశాఖలోనే బోర్డు కట్టుకొనును. తప్పు వానిది కాదు.

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము ప్రభుత్వ వ్యయమున నడచు సేవలను పొందు హక్కును ప్రతివారికిని ఇచ్చినది. 2022 నుండి 14416 అను ఫోను సదుపాయమును కలదు. మంచము ప్రక్కన కూర్చుండుటకు మాత్రము మనిషియే కావలెను. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రము, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమైనవి. అచ్చట డయాలిసిస్ రోగుల చెంత జీతముపై ఒక మానసిక చికిత్సకుని నియమించి, సాయంకాలములు టెక్కలిలో స్వంత వృత్తి సాగించుకొన ననుమతించినచో, రోగికి మాట, వానికి భుక్తి రెండును సమకూడును.