వాల్వు ఒకటే... చోటే వేరు!

మా అక్కయ్య కొడుకు ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. పిల్లలకు ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన డబ్బుతో ఓ సెకండ్‌హ్యాండ్ గిటార్ యాంప్లిఫయర్ కొన్నాడు. మామూలుది కాదు, వాల్వులది. నెల తిరక్కముందే అది పేచీ మొదలెట్టింది. గిటార్ ముట్టుకోకపోయినా 'కూ...' అంటూ ఒకటే ఈల! బాగుచేసే అతను చూసి, 'వాల్వులన్నీ అయిపోయాయి, అయిదూ మార్చాల్సిందే' అన్నాడట. పదివేల పైమాటే. బావగారు ఒక్క ముక్కలో తేల్చేశారు: 'వచ్చినకాడికి అమ్మెయ్.'

వాడు నాకు ఫోన్ చేశాడు. 'మావయ్యా, నువ్వొచ్చి నాన్నకు చెప్పవా?'

తీర్పు చెప్పడానికని వెళ్లినవాణ్ని, పాఠం నేర్చుకుని వచ్చాను.

వాల్వు అంటే ఇప్పటి పిల్లలకు తెలియకపోవచ్చుగానీ ఇంట్లో పెద్దవాళ్లకు బాగా తెలుసు. పాత రేడియో స్విచ్చి వేయగానే పలికేది కాదు. వెనకాల గాజుబుడ్లు ఎర్రగా వెలిగి, వేడెక్కితేగానీ వార్తలు వినపడేవి కావు. ఆ బుడ్లే వాల్వులు. మన దేశంలో బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ 1961లో వాటి తయారీ మొదలెట్టింది. తర్వాత ట్రాన్సిస్టర్లు వచ్చి వాటిని రేడియోల్లోంచి వెళ్లగొట్టాయి. గిటార్ వాయించేవాళ్లు మాత్రం పట్టుకుని వదల్లేదు. గట్టిగా వాయిస్తే వాల్వులో స్వరం కాస్త బొంగురుపోయి గరుకుగా తేలుతుంది. వాళ్లకు కావలసింది ఆ గరుకే.

మావాడి యాంప్లిఫయర్‌లో రెండు పెద్ద వాల్వులు, మూడు చిన్నవి. పెద్దవి స్పీకర్‌ను మోగించడానికి బలం ఇస్తాయి. గిటార్ నుంచి వచ్చే అతి సన్నని సంకేతాన్ని పెంచి వాటికి అందించే పని చిన్నవాటిది. ఆ మూడూ 12ఏఎక్స్7 రకమే. యూరప్‌లో దాన్నే ఈసీసీ83 అంటారు. పేర్లు రెండు, వాల్వు ఒకటే. దుకాణంలో ఈ రెండు పేర్లూ చెప్పి రెండు ధరలు చెబితే నమ్మకండి!

'మూడూ ఒకటే అయినప్పుడు ఏది ఎక్కడుంటే ఏంటి?' అన్నారు బావగారు. అసలు కిటుకంతా అక్కడే ఉంది. గిటార్ తీగ గుచ్చే చోటికి దగ్గరున్నది సాధారణంగా మొదటి వాల్వు. పెద్ద వాల్వులకు ఆనుకుని ఉన్నది చివరిది. మొదటిది చేసే చిన్న చప్పుడును తర్వాతవన్నీ పెంచుకుంటూ పోతాయి. చాటింపు వేసేవాడి చెవిలో మొదటి మనిషి తప్పు మాట ఊదితే ఊరంతా ఆ తప్పే మోగినట్టు! అదే చప్పుడు చివరి వాల్వు చేస్తే, దాన్ని పెంచడానికి వెనక పెద్దగా ఎవరూ లేరు. వినపడదు. అందుకే ఉన్నవాటిలో నిశ్శబ్దంగా ఉండేదాన్ని మొదటి చోట పెట్టాలి. కాస్త గొణిగేదాన్ని చివరికి పంపాలి.

ఇంతలో వాలుకుర్చీలోంచి వాడి తాతయ్య అందుకున్నారు. 'మా రోజుల్లో రేడియో కీచుమంటే ముందు తట్టి చూసేవాళ్లంరా. అన్నీ ఒకేసారి ఎందుకు పోతాయి?'

తట్టి చూశాం. యాంప్లిఫయర్ ఆన్‌లోనే ఉంచి, సౌండు మధ్యలో పెట్టి, పెన్సిల్ చివరతో చిన్న వాల్వుల్ని ఒక్కోదాన్ని మెల్లగా తట్టాడు వాడు. మూడోది పలకలేదు. రెండోది 'టక్' అంది. మొదటిదాన్ని తాకగానే గుడిగంటలా 'ణంగ్'మని మోగి, ఆగకుండా ఈలలోకి దిగింది! ఆపేసి, చల్లారనిచ్చి, మొదటిదాన్నీ మూడోదాన్నీ చోట్లు మార్చాడు. మళ్లీ ఆన్ చేస్తే ఈల లేదు. పైసా ఖర్చు లేదు. బావగారు ఏమీ అనలేదు, పేపరు మడిచి పక్కన పెట్టారు.

ఆ తర్వాత వాడు నాకు ఇంకో సంగతి చెప్పాడు. అన్నట్టు, ఇదే నాకు బాగా నచ్చింది. 12ఏఎక్స్7కు అన్నదమ్ములు కొందరున్నారు. తొమ్మిది కాళ్లే, అదే సాకెట్టు. పెంచే శక్తి మాత్రం వేరు. 12ఏఎక్స్7ది 100 అనుకుంటే, 5751ది 70, 12ఏటీ7ది 60, 12ఏవై7ది 44 దాకా, 12ఏయూ7ది 20 లోపు. ఎక్కువ శక్తి ఉన్నది మంచిదని కాదు. తక్కువది పెడితే స్వరం శుభ్రంగా ఉంటుంది, ఆలస్యంగా గరుకెక్కుతుంది.

అమెరికాలో ఫెండర్ కంపెనీ 1950ల చివర్లో తెచ్చిన బాస్‌మాన్ యాంప్లిఫయర్‌లో మొదటి చోట 12ఏవై7 ఉండేది. 1962లో లండన్ పశ్చిమాన హాన్‌వెల్‌లో డ్రమ్స్ మాస్టారు జిమ్ మార్షల్ తన వాద్యాల దుకాణంలో దాని నమూనాగా సొంత యాంప్లిఫయర్ చేయించాడు. సర్క్యూట్ దాదాపు అదే. మొదటి చోట మాత్రం ఈసీసీ83 పెట్టారు. స్పీకర్లు వేరు, ట్రాన్స్‌ఫార్మర్లు వేరు కాబట్టి గొప్పంతా ఆ ఒక్క వాల్వుదే అనలేం. కానీ తొందరగా గరుకెక్కే ఆ మార్షల్ గొంతులో దాని వాటా తక్కువేం కాదు. 1966లో జాన్ మేయాల్ బృందంతో ఎరిక్ క్లాప్టన్ వాయించిన ఆల్బమ్‌లో వినిపించేది ఆ వంశపు యాంప్లిఫయరే.

మీ ఇంట్లోనూ ఇలాంటిది ఉంటే... మార్చే ముందు ఆపి, ప్లగ్గు పీకి, చల్లారనివ్వండి. నిటారుగా లాగండి, కాళ్లు వంకరపోకుండా నిటారుగానే గుచ్చండి. లోపలి పెట్టె మాత్రం విప్పొద్దు. ప్లగ్గు తీసేసినా కెపాసిటర్లలో ప్రాణం తీసేంత కరెంటు నిలవుండొచ్చు. తొమ్మిది కాళ్లున్నవన్నీ ఒకటే అనుకోకండి. ఈఎల్84కూ తొమ్మిదే, కానీ అది స్పీకర్‌ను మోగించే జాతి. కంపెనీవాళ్లు ప్రత్యేకంగా 12ఏటీ7 పెట్టిన చోట కూడా చేయి పెట్టకపోవడం మేలు. పాత ఫెండర్లలో ప్రతిధ్వని స్ప్రింగును నడిపేది అదే. పెద్ద వాల్వులు మారిస్తే చాలా యాంప్లిఫయర్లలో మెకానిక్ సరిచూడాలి. చిన్నవాటికి సాధారణంగా ఆ అవసరం లేదు.

అయిదు కొనాల్సిన చోట మావాడు ఒక్కటే కొన్నాడు. ఇప్పుడు వాల్వులు ప్రధానంగా రష్యా, స్లొవేకియా, చైనాల నుంచే వస్తున్నాయి. ఒక్కటైనా బరువే మరి. వాడు 12ఏఎక్స్7 అడుగుతాడనుకున్నాను. 12ఏవై7 తెచ్చాడు. నాబ్ కొంచెం తిప్పగానే ఇల్లదిరిపోవడం లేదిప్పుడు, సౌండు మెల్లగా పెరుగుతోంది. తాతయ్య మధ్యాహ్నం కునుక్కి ఇబ్బంది లేదు. తీసిన 12ఏఎక్స్7 అట్టపెట్టెలో భద్రంగా ఉంది. కాలేజీ ఫంక్షన్ రోజు మళ్లీ దాన్నే పెడతాడట.

'ఆ రోజు నేనూ వస్తాను' అన్నారు బావగారు.