అయిదుగురికి తోడు ఒకతె

విద్యార్థుల సాంకేతిక పోటీయైన స్మార్ట్ ఇండియా హ్యాకథాన్‌లో దిగు ప్రతి జట్టునందును ఆరుగురు విద్యార్థులుండవలెననియు, వారిలో ఒక్కరైనను ఆడపిల్ల కావలెననియు నిబంధన కలదు. నిబంధన మంచిదే కాని, దాని ఆచరణమును చూచినకొలది నాకు ఒళ్లు మండుచున్నది. అయిదుగురు మగపిల్లలు తమలో తాము సమస్యను ఎంచుకొని, కోడింగ్ పంచుకొని, దరఖాస్తు గడువు ముంచుకొని వచ్చినవేళ ఒక అమ్మాయికొరకు వెదుకులాడి, దొరికిన పిల్లకు పీపీటీ తయారుచేయు పనిని అప్పగించి, నియమము చెల్లినదని సంతసించుచున్నారు. ఆ పిల్ల కూరలో కరివేపాకు.

సాఫ్ట్‌వేర్ విభాగపు తుదిపోటీ 36 గంటలు ఏకధాటిగా సాగును. ఆ ఒక్క రాత్రికి తండ్రి సంతకముతో అనుమతి దొరకవచ్చును. తక్కిన రాత్రుల మాటేమి? అర్ధరాత్రివరకు ప్రయోగశాలలో కూర్చుండి, ప్రోగ్రాము చెడగొట్టుకొని, మరల దిద్దుకొననిదే ఈ విద్య పట్టువడదు. అనేక కళాశాలలలో మగపిల్లల హాస్టలుకు వేళాపాళా లేదు. ఆడపిల్లల గేటుకు మాత్రము చీకటిపడకమునుపే తాళము! 2015లో ఢిల్లీ విద్యార్థినులు ‘పింజ్రా తోడ్’ (పంజరమును పగులగొట్టుము) అని వీధికెక్కినది ఇట్టి తాళములపైననే. భద్రతకొరకే యని పెద్దలందురు. దారికి దీపములు, రాత్రికి బస్సు, కాపలాకు మనుష్యులు కావలెనన్న వ్యయమగును, తాళము చౌక.

ఆడపిల్లలకు ఇంజనీరింగునందు ఆసక్తి లేదనువారికి ఒక లెక్క చెప్పెదను. ఐఐటీల బీటెక్ ప్రవేశములలో నూటికి పదిమందియైనను లేని విద్యార్థినులు, 2018లో అదనపు సీట్లు కల్పింపగా, కొలది యేండ్లలోనే సుమారు ఇరువదికి చేరిరి. అంతకు చాలముందే, పదునెనిమిదవ యేట భర్తను కోల్పోయిన పసిబిడ్డ తల్లి అయ్యలసోమయాజుల లలితగారు గిండీ కళాశాలలో విద్యుత్ ఇంజనీరింగు పట్టము పొంది, భాక్రా నంగల్ విద్యుత్ మార్గముల రూపకల్పనలో పాలుపంచుకొని, 1964లో న్యూయార్కునందలి మహిళా ఇంజనీర్ల మహాసభకు వెళ్లిరి. ఆ తెలుగు ఆడపడుచు పేరు మన ఇంజనీరింగు విద్యార్థులలో ఎందరెరుగుదురో అడిగి చూడుడు! మార్చి 8వ తేదీన గులాబిరంగు ఫ్లెక్సీ కట్టి, విద్యార్థినులచేత ముగ్గులు వేయించి, మంత్రిగారికి పూలగుచ్ఛములిప్పించు కళాశాలలకు ఆమె చిత్రపటమొకటి తగిలించుట తోచదు.

తల్లిదండ్రులకు నా మనవి ఒక్కటే: ఈ యేడు పిల్లను చేర్పింపబోవునపుడు, ప్లేస్‌మెంట్ల పట్టికను ప్రక్కనబెట్టి, ప్రయోగశాల రాత్రి ఎన్ని గంటలవరకు తెరచియుండును, మా అమ్మాయిని అందు కూర్చుండనిత్తురా అని అడుగుడు.